గాలిసారు చెప్పిన రోజు

మీ అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే, కూతురింట్లోనే ఉండే గాలిసారు అత్తగారు చాలా ఏళ్ల పాటు "గవర్నమెంటు ఉద్యోగం" అని ఊరుకునేది. అక్కడితో ఆగని వాళ్లుంటారు కదా. గవర్నమెంటులో ఏం చేస్తాడని గుచ్చి గుచ్చి అడిగితే "గాలి కొలుస్తాడు" అని చెప్పేసి, వాళ్లు నవ్వేలోపు మాట మార్చేసేది. ఆ మాట ఎన్ని గుమ్మాలు దిగిందో ఏమో, ఆయన ఉండే బిల్డింగులో పిల్లా పెద్దా అందరికీ ఆయన గాలిసారే అయ్యాడు. ఆయనకు మాత్రం ఆ పేరంటే ముద్దు. ఎవరైనా వెనకనుంచి "గాలిసారూ" అని పిలిస్తే, పలికే ముందు ఒక్క క్షణం ఆగి ఆనందించేవాడు.

ఆయన కొలిచే గాలి అన్ని గాలుల్లాంటిది కాదు. ఆ ఊరికి ముందు సముద్రం, వెనక కొండలు. మధ్యలో గోడకు కొట్టిన అలమరలాంటి సన్నటి నేల మీద ఇళ్లు, ఆఫీసులు, హార్బరు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ నేల త్వరగా కాగుతుంది, సముద్రం తీరిగ్గా కాగుతుంది. కాగిన నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇంతవరకూ బడిపిల్లలు కూడా చెప్తారు. అలా వచ్చిన గాలిని కొండ ఏం చేస్తుందన్నదే అసలు చిక్కు. ఒకరోజు ఎండకు కాగిన కొండవాలు దాన్ని చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోతుంది. ఇంకోరోజు అడ్డంగా నిలబడి తీరం వెంబడి తరిమేస్తుంది. రెండు కొండల మధ్య ఒక సందుంది. గాలి దాంట్లో దూరిన రోజున ఊళ్లో తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి, హార్బర్లో చిన్న పడవలు కట్టిన చోట నిలవవు.

ఇదంతా ముందే లెక్కగట్టి చెప్పడానికి హెడ్డాఫీసు వాళ్లకొక మోడల్ ఉంది. వాళ్లు కంప్యూటర్లో దేశమంతా గడులు గీశారు. గడికొక ఎత్తు. గడి నేలైనా కావాలి, నీళ్లైనా కావాలి. గడులు మరీ పెద్దవి కావడంతో కొండలు నలిగి దిబ్బల్లా తయారయ్యాయి. ఇక ఊరున్న గడిలో సముద్రం పాలు ఎక్కువ కనక, ఆ గడి నీళ్ల కింద జమైంది. అంటే హెడ్డాఫీసు దృష్టిలో గాలిసారు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ సముద్రంలో కూర్చుని పనిచేస్తున్నాడు. ఈ హాస్యం ఆయన ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పాడంటే, "మనందరం మునిగిపోయాం తెలుసా" అని మొదలుపెట్టగానే తోటివాళ్లు టీకి లేచిపోయేవారు.

వాళ్లు లేచిపోయిన కుర్చీల మధ్య కూర్చుని ఆయన సొంతంగా ఒక మోడల్ తయారుచేసుకున్నాడు. చిన్న చిన్న గడులు. వాటిలో కొండ కొండలాగే నిలబడింది, సందు సందులాగే ఉంది, ఊరు బయటపడి పొడినేల మీదికొచ్చింది. పాత కంప్యూటరు వేడెక్కి అలుగుతుంటే దానికెదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి బతిమాలుకున్నాడు. కాగితాలు ఎగిరిపోతాయని గది కిటికీ మాత్రం ఏనాడూ తెరవలేదు. గాలి గురించి అంత తెలిసిన మనిషి ఉక్కలో కూర్చుని చెమటలు కక్కడం చూసి ఆఫీసు నవ్వుకునేది. మోడల్లో గాలి మొదటిసారి సముద్రం మీంచి బయల్దేరి, కొండను తాకి, తడుముకుంటూ పక్కకొచ్చి, సందు దొరకగానే లోపలికి దూరిన రోజున ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పక్కన ఎవరూ లేరు. మరి నాకెలా తెలిసిందంటారా, ఆయనే తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఈ సముద్రాల భాష చెల్లేది కాదు. పొద్దున్నే ఆయన కాఫీ కప్పు పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి, బాల్కనీ అవతల కనపడే కొండల్ని చూస్తూ ఉంటాడు. వెనకనుంచి భార్య అడుగుతుంది.

"ఏమంటోంది మీ సముద్రం?"

ఆ అడగడంలో అరవంతు నవ్వు, ముప్పావు వంతు ఎత్తిపొడుపు ఉంటాయి. లెక్క ఎక్కువైందంటారేమో, ఆవిడ గొంతులో ఎప్పుడూ కాస్త ఎక్కువే. ఆయనకు ఉక్రోషం వచ్చేది. "నవ్వులాట కాదు. రాత్రి కొండమీద మబ్బు లేదు, నేల బాగా కాగుతుంది. పదకొండు దాటాక మొదలవుతుంది, సందులోకి దూరుతుంది. ఇవాళ గట్టిది" అని వివరంగా చెప్పేవాడు. ఇంకో రోజు "ఇవాళ నీరసం. పై నుంచి ఎదురుగాలి ఉంది, మధ్యాహ్నం దాకా తేలదు" అనేవాడు. ఆవిడ అంతా విని "సర్లెండి, కాఫీ చల్లారిపోతోంది" అనేది. అంతే. ఇన్నేళ్ల కాపురంలో మీరు చెప్పినట్టే గాలొచ్చిందండీ అని ఒక్కసారి అన్న పాపాన పోలేదు. మోడల్ని మెచ్చుకోని హెడ్డాఫీసు మీద కూడా ఆయనకంత కోపం లేదు.

మోడల్ చెప్పింది నిజమో కాదో తేల్చడానికి అసలు గాలిని కొలవాలి కదా. ఆఫీసు మేడ కొండ భుజం చాటున ఉంది, అక్కడికి సముద్రపు గాలి సూటిగా రాదు. వెతగ్గా వెతగ్గా సముద్రానికి ఎదురుగా, అడ్డేమీ లేకుండా ఉన్న చోటు ఒకటే తేలింది. అది ఆయన ఉండే బిల్డింగు డాబా. నిబంధన ప్రకారం గాలి కొలిచే స్తంభం మూడంతస్తుల ఎత్తుండాలి. బిల్డింగు సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కాగితం చదవకుండా చిరునవ్వు కూడా ఇవ్వడు.

"అంత ఎత్తు స్తంభమేంటండీ, బిల్డింగు నెత్తిన కొమ్ము మొలిచినట్టు. అందం పోతుంది."

"అందానికీ గాలికీ సంబంధం ఏముందండీ?"

"మీకు లేదు. ఫ్లాటు అమ్ముకోవాలనుకునే వాళ్లకి ఉంది."

నెలలు బేరమాడితే చివరికి మనిషి చెయ్యెత్తితే అందేంత స్తంభానికి ఒప్పుకున్నాడు. దానికి అడ్డంగా ఒక ఇనప కమ్మీ. కమ్మీకి ఒక కొసన గాలికి గిర్రున తిరిగే మూడు గిన్నెలు, రెండో కొసన గాలి ఎటునుంచి వస్తోందో చూపే బాణం. గిన్నెలు ఎంత జోరుగా తిరిగితే గాలి అంత గట్టిగా ఉన్నట్టు. ఆ లెక్క తీగలతో పనిలేకుండా నేరుగా ఆఫీసులో గాలిసారు కంప్యూటరుకు చేరుతుంది. బిగించిన రోజున ఆయన డాబా ఎక్కి చూసుకుని మురిసిపోయాడు. ఆ తర్వాత ఎక్కలేదు. లిఫ్టు ఆఖరి అంతస్తు దాకానే పోతుంది, అక్కణ్ణుంచి డాబాకి నిట్టనిలువు మెట్లు. ఆయన మోకాలికి ఆ మెట్లంటే పడదు.

కష్టాలు అక్కడినుంచే మొదలయ్యాయి.

మోడల్ నీరసం అన్న రోజుల్లో డాబా మీది యంత్రం కూడా నీరసమే అనేది. ఆయనకు చేటంత మొహమయ్యేది. మోడల్ గట్టిది అన్న రోజుల్లో మాత్రం యంత్రం మొండికేసేది. గాలి లేవడం మోడల్ చెప్పిన వేళకే లేచేది. కాసేపు ఊపందుకునేది. అంతలో గొంతు నులిమినట్టు ఆగిపోయేది. మధ్యాహ్నమంతా సున్నా. సాయంత్రం అందరూ టీలు తాగే వేళకు ఒక్కసారిగా లేచి కూర్చునేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, గట్టిది అన్న ప్రతిసారీ ఇదే వరస. ఎంత నమ్మకంగా చెప్తే అంత అడ్డంగా తప్పేది.

గాలిసారు తల పట్టుకున్నాడు. యంత్రం పాడైందేమోనని టెక్నీషియన్ని పంపాడు. అతను పొద్దున్నే, బిల్డింగులో అందరూ వంటపనుల్లో ఉండగా వచ్చి చూసి, గిన్నెలు వెన్నలా తిరుగుతున్నాయని చెప్పాడు. స్తంభానికి తాళ్లు కట్టి ఉండటం గమనించాడట. గాలివానకు పడిపోకుండా సారే కట్టించి ఉంటారనుకుని, వదులుగా ఉన్న ముడిని ఇంకాస్త బిగించి మరీ వెళ్లాడు.

యంత్రంలో లోపం లేదు. మోడల్లో లెక్కలు మళ్లీ మళ్లీ చూశాడు, అక్కడా లేదు. ఇక మిగిలింది కొండ. తప్పంతా కొండ నెత్తిన పెట్టాడు. చదువుకున్నవాడికి సందేహం వస్తే ఊరుకుంటాడా, దానికొక పేరు పెడతాడు. గట్టిగాలి వచ్చిన రోజున కొండ దాన్ని మధ్యాహ్నమంతా అదిమిపట్టి, సాయంత్రం ఎండ వాలాక వదులుతోందని సిద్ధాంతం కట్టాడు. అలా వదిలిన గాలికి 'మలిగాలి' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు మీద ఆయనకు కన్నబిడ్డ మీదున్నంత మమకారం కలిగింది. మోడల్లో దాని కోసం కొత్త లెక్కలు రాశాడు గానీ, గాలి ఎప్పుడు ఆగేదీ వాటికి ఇంకా చిక్కలేదు.

ఒక్క ఆదివారాలు మాత్రం కొరుకుడు పడలేదు. ఆదివారం నాడు గట్టిగాలి అంటే యంత్రంలోనూ గట్టిగాలే, మధ్యాహ్నం సున్నా లేదు, సాయంత్రం మలిగాలీ లేదు. కొండకు ఆదివారం సెలవుంటుందా అని ఇంకొకడైతే ఆగేవాడు. మనవాడు ఆగలేదు. ఆదివారం హార్బరు మూసేస్తారు, లారీలుండవు, పొగ ఉండదు, పొగ లేకపోతే కొండ వేరేలా కాగుతుంది అని రాసి పడేశాడు. నవ్వకండి. ఆ పేరా హెడ్డాఫీసులో ముగ్గురు చదివి బాగుందన్నారు.

నాలుగో ఆవిడ చదివి బాగుందనలేదు. ఆవిడ హెడ్డాఫీసులో మోడళ్ల విభాగానికి పెద్ద. నవ్వదని ప్రతీతి. ఫోను చేసి నాలుగు ముక్కల్లో తేల్చేసింది. గట్టిగాలి రోజుల్లోనే కదా పడవల వాళ్లకి హెచ్చరిక కావాలి, సరిగ్గా ఆ రోజుల్లోనే తప్పే మోడల్ ఎందుకని అడిగింది. వచ్చి చూస్తానంది. చూశాక నచ్చితే ఈ తీరానికంతటికీ ఆయన మోడలే వాడతారు. నచ్చకపోతే దాన్ని మూసేసి, ఆయన్ని స్టోర్సు విభాగానికి మారుస్తారు. స్టోర్సంటే ఆఫీసులో కుర్చీలకు నంబర్లు వేసే చోటు.

గాలిసారు ఆ మాట మనసులోనే పెట్టుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే భార్య ఏమంటుందో ఆయనకు తెలుసు. "కుర్చీలైతే కదలకుండా ఉంటాయి లెండి" అంటుంది.

మేడమ్ వచ్చే రోజు పొద్దున ఆయన కాఫీ కప్పుతో మామూలుకన్నా ముందే గుమ్మంలో నిలబడ్డాడు. మోడల్ ఆ రోజు గట్టిది అంది. మామూలు గట్టిది కాదు, ఆ కాలంలోకెల్లా గట్టిది. మధ్యాహ్నం దాన్ని కొండ అదిమేస్తుందనీ, మేడమ్ కళ్లెదుటే తన మలిగాలి సాయంత్రం లేస్తుందనీ ఆశ పెట్టుకున్నాడు.

"ఏమంటోంది మీ సముద్రం?" భార్య వెనకనుంచి మామూలుగానే అడిగింది.

"ఇవాళ చూడు" అన్నాడు కొండల వైపే చూస్తూ. "ఈ సీజన్లో ఇంత గట్టిది రాలేదు. సూటిగా సందులోకే."

"సర్లెండి. చల్లారిపోతోంది."

వెనకాల ఏదో మూత తీసిన చప్పుడు, ఏదో వేసిన చప్పుడు వినిపించాయి. రోజూ వినపడేవే. ఆయన ధ్యాసంతా కొండల మీదే ఉంది.

ఆఫీసుకు మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి, "ఇక్కడ మనుషులు ఎలా ఊపిరి పీలుస్తున్నారండీ" అని నేరుగా వెళ్లి కిటికీ తెరిచేసింది. గాలిసారుకు వద్దనే ధైర్యం లేకపోయింది. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. తెర మీద రెండు గీతలు. ఎర్రగీత మోడల్ చెప్పింది, నల్లగీత డాబా మీది యంత్రం చెప్పేది. చెప్పిన వేళకు రెండూ కలిసి లేచాయి. మేడమ్ తలాడించింది. గాలిసారు ప్రాణం లేచొచ్చింది.

అంతలో నల్లగీత కూలబడింది. సున్నా.

"ఇదిగో, ఇదే మేడమ్" అన్నాడు ఆయన తెర చూపిస్తూ. "ఇప్పుడు కొండ దాన్ని అదిమిపట్టింది. సాయంత్రం వదులుతుంది. దీన్నే నేను మలిగాలి అని..."

ఆయన మాట పూర్తయ్యేలోపు బల్ల మీది కాగితాలు లేచి, గదంతా తిరిగి, కొన్ని మేడమ్ ఒళ్లో వాలాయి. కిటికీ రెక్క ధనామని గోడకు కొట్టుకుంది. కొండ చాటున ఉన్న గదిలోకే గాలి ఇంత తోసుకొస్తోంది. మేడమ్ ఒళ్లోని కాగితం తీసి చూసింది. అది మలిగాలి సిద్ధాంతంలో మొదటి పేజీ.

"గాలి లేదంటోంది కదా మీ యంత్రం. మరి ఇదేంటి?"

"ఇదా మేడమ్" అని గాలిసారు నీళ్లు నమిలాడు. "ఇది... కిటికీ గాలి."

అన్నాక ఆయనకే సిగ్గేసింది. మేడమ్ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "మీ యంత్రం ఎక్కడుంది, చూద్దాం పదండి."

"టెక్నీషియన్ చూశాడు మేడమ్. బాగానే ఉంది."

"అతను చూశాడు. నేను చూడలేదు. మీరెప్పుడు చూశారు?"

గాలిసారు మోకాలి సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూనే కారెక్కాడు. దారి పొడుగునా దుకాణాల బోర్డులు ఊగుతున్నాయి, ఒకాయన టోపీ వెనక పరిగెడుతున్నాడు. మేడమ్ వాటిని చూస్తోంది. గాలిసారుకు స్టోర్సు గది, దాన్నిండా నంబర్లు వెయ్యాల్సిన కుర్చీలు కళ్లముందు ఆడాయి.

నిట్టనిలువు మెట్లెక్కేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. డాబా తలుపు నెడితే గాలి తిరిగి నెట్టింది. మేడమ్ కూడా ఒక చెయ్యి వేస్తే తెరుచుకుంది.

డాబా కనపడలేదు. దుప్పట్లు కనపడ్డాయి. ఈ కొసనుంచి ఆ కొసదాకా దుప్పట్లు, కర్టెన్లు, పరుపు గలీబులు, తువ్వాళ్లు, బిల్డింగులో ఉన్న బట్టంతా తాళ్ల మీద ఉబ్బి, ఎగిరి, టపటపా కొట్టుకుంటోంది. తాళ్లన్నీ నడుమనున్న ఒకే స్తంభానికొచ్చి ముడిపడ్డాయి. ఆ స్తంభం ఎవరిదో, ఏ ఆఫీసుదో తెలుసుకోవడానికి గాలిసారుకు కొంతసేపు పట్టింది. దాని ఇనప కమ్మీ మీద గోధుమరంగు రగ్గొకటి అడ్డంగా వేసి ఉంది. మూడు గిన్నెలు రగ్గు మడతలో ఇరుక్కుని బిక్కమొహం వేసుకున్నాయి.

ఒక మూల కుర్చీ వేసుకుని, ఒళ్లో క్లిప్పుల బుట్టతో అత్తగారు కూర్చుని ఉంది. "అల్లుడుగారా. చూసుకు నడవండి, అది సెక్రటరీ గారి రగ్గు. బరువైనవి తాడు మీద ఆగవని ఎప్పుడూ కమ్మీ మీదే వేయిస్తాను."

దుప్పట్ల మధ్యనుంచి భార్య బయటికొచ్చింది, నోట్లో రెండు క్లిప్పులతో. మొగుణ్ణీ, పక్కనున్న కొత్తావిణ్ణీ చూసి క్లిప్పులు తీసి చేత్తో పట్టుకుంది. "ఏమండీ, ఈ వేళప్పుడు వచ్చారేం? ఒంట్లో బాగాలేదా?"

మేడమ్ ముందుకెళ్లి రగ్గు కొస పట్టుకుని పక్కకు లాగింది. గిన్నెలు ఒక్క ఉదుటున గిర్రుమన్నాయి. ఎంత జోరుగా తిరిగాయంటే మూడు గిన్నెలూ కలిసి ఒకే గుండ్రటి గీతలా కనపడ్డాయి. మేడమ్ మళ్లీ రగ్గు వేసింది, ఆగిపోయాయి. మళ్లీ తీసింది, తిరిగాయి. ఇలా ఇంకో రెండుసార్లు చేసింది. నవ్వదని పేరున్న మనిషి చిన్నపిల్లలా రగ్గుతో ఆడుకోవడం చూసి అత్తగారు "అది తడిగా ఉందమ్మా, చేతులు పాడవుతాయి" అంది.

"రోజూ ఇలాగే ఆరేస్తారా?" మేడమ్ అడిగింది.

"రోజూ ఎందుకండీ" అంది గాలిసారు భార్య. "చిన్న బట్టలు బాల్కనీలో ఆరిపోతాయి. దుప్పట్లు, కర్టెన్లు మాత్రం ఈయన గట్టిగాలి అని చెప్పిన రోజునే."

"ఆయన చెప్పిన రోజునే?"

"నీరసం అన్న రోజు వేస్తే ఆరవు కదండీ. ముక్కవాసన వేస్తాయి."

అత్తగారు అందుకుంది. "పొద్దున మా అమ్మాయి అడుగుతుంది, అల్లుడుగారు చెప్తారు. నేను బాల్కనీలోకెళ్లి కిందింటి వాళ్లకి చెప్తాను. వాళ్లు పక్కవాళ్లకి చెప్తారు. కాఫీ కప్పులు కడిగేలోపు బిల్డింగంతా మెషీన్లు తిరుగుతుంటాయి. ఒక్క ఆదివారం వెయ్యం. ఆ రోజు అందరికీ విశ్రాంతి."

ఆదివారం అన్న మాట వినగానే గాలిసారు కళ్లు మూసుకున్నాడు. హార్బరు, లారీలు, పొగ, అన్నీ ఆయన మూసిన కళ్ల ముందునుంచి ఒక్కొక్కటే తల వంచుకుని వెళ్లిపోయాయి.

"మరి ఎన్నింటికి తీస్తారు బట్టలు?"

"సాయంత్రం టీ తాగాక" అంది భార్య. అదే మలిగాలి. మేడమ్ ఆయన వైపు చూసింది, ఆయన సముద్రం వైపు చూశాడు.

"ఒక్కటి అడుగుతాను, బాగా గుర్తుచేసుకుని చెప్పండి" అంది మేడమ్. "ఆయన గట్టిగాలి అని చెప్పి, రాకుండా పోయిన రోజు ఎప్పుడైనా ఉందా?"

భార్య తల వంచుకుని, చేతిలో క్లిప్పులు నొక్కుతూ వదుల్తూ నిజంగానే ఆలోచించింది. గాలిసారు మోడలూ స్టోర్సూ అన్నీ ఆ క్షణంలో మర్చిపోయాడు. ఆవిడేమంటుందోనన్నదొక్కటే మిగిలింది.

"లేదండి" అంది చివరికి. "తడి దుప్పటి కిందికి దించిన గుర్తు నాకు లేదు."

"ఎందుకు లేదూ" అంది అత్తగారు. "ఒకసారి అల్లుడుగారు గట్టిదన్నారు గానీ అంత గట్టిదని చెప్పలేదు. మన దిండు గలీబు తాడు తెంపుకుని పోలేదూ."

"ఎటు పోయింది?" గాలిసారు ఒక్క గెంతులో అత్తగారి కుర్చీ దగ్గరికొచ్చాడు. మోకాలు గుర్తురాలేదు. "ఎటు పోయిందండీ?"

"అదిగో, ఆ రెండు కొండల మధ్యకి. అలా తిన్నగా పోయి, అక్కడ కాస్త పైకి లేచి, సందులోకి దూరింది. మంచి గలీబు."

"మేడమ్, మోడల్లో కూడా అటే" అన్నాడు గాలిసారు. "సరిగ్గా అక్కడే పైకి లేస్తుంది మేడమ్. నేను చూపిస్తాను."

మేడమ్ కొండసందు వైపు చూసింది. తర్వాత ఊగుతున్న దుప్పట్ల వైపు చూసింది. నవ్వొచ్చింది. ఎన్నాళ్లకు వచ్చిందో గానీ ఒకపట్టాన ఆగలేదు, కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

"హెడ్డాఫీసులో అంతమందిమి ఉన్నాం" అంది తేరుకుని. "మా మాట నమ్మి ఇంతవరకూ ఒక్కరూ చేతిరుమాలు కూడా ఆరెయ్యలేదు."

దిగేటప్పుడు చెప్పాల్సినవి చెప్పింది. తీరానికంతటికీ ఆయన మోడలే. స్తంభం నిబంధన ప్రకారం మూడంతస్తులూ లేవాలి, సెక్రటరీతో తనే మాట్లాడుతుంది, రగ్గు సాక్ష్యం ఉంది కాబట్టి ఆయన ఎక్కువ మాట్లాడడు. ఆ మలిగాలిని మాత్రం ఈ రాత్రే మోడల్లోంచి తీసెయ్యాలి. గాలిసారు అన్నిటికీ తలూపాడు గానీ, చివరిదానికి ఊపేటప్పుడు కాస్త ఆలస్యమైంది. తప్పని తెలిసినా పెంచుకున్న పేరు కదా, బాధేసింది.

మేడమ్ కారు వెళ్లాక ఆయన మళ్లీ పైకెక్కాడు. అత్తగారు కిందికి వెళ్లిపోయింది. భార్య ఆరిన దుప్పటి ఒకటి తీసి రెండు కొసలు ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. మడత పెడదామంటే మధ్యలో గాలి దూరి ఉబ్బిపోతోంది.

"రోజూ వెటకారంగా అడిగేదానివి కదే" అన్నాడు.

"మామూలుగా అడిగితే 'చూడాలి' అని ఊరుకుంటారు మీరు. వెటకారంగా అడిగితేనే ఉక్రోషంగా వివరమంతా చెప్తారు."

"ఇన్నేళ్లలో నా మాట నిజమైందని ఒక్కసారైనా అన్నావా?"

"నిజమైనప్పుడల్లా చెప్తారా ఏంటి ఎవరైనా?" దుప్పటి మడిచి ఆయన చేతుల్లోంచి కొసలు అందుకుంటూ అంది. "తప్పైతే చెప్పేదాన్ని."

ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు గానీ, కళ్లల్లో గాలి కొడుతోందన్నాడు. గాలి నిజంగానే గట్టిగా ఉంది కనక ఆవిడ ఏమీ అనలేదు.

ఆ రాత్రి మలిగాలి మోడల్లోంచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున గాలిసారు కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమంటోంది మీ సముద్రం?" అదే గొంతు, అదే ఎత్తిపొడుపు.

"ఇవాళ నీరసం" అన్నాడు. ఈసారి కొండల వైపు కాకుండా వెనక్కి తిరిగి చూశాడు. భార్య మెషీన్ మూత తీసి, అప్పటికే లోపల వేసిన దుప్పట్లన్నీ బయటికి తీసి పక్కన పెట్టింది. వాటి బదులు ఆయన చొక్కాలు వేసి మూత మూసింది.